ఫోటో అంచున నిలబడినవాళ్ళు

కిందటేడు ధమ్మచక్ర ప్రవర్తన దినానికి మేము ఒక చిన్న సంచిక వేశాం. అట్ట మీదకి 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో తీసిన దీక్షా ఫోటో ఒకటి ఎంచుకున్నాం. ఫోటో అడ్డంగా ఉంది, అట్ట నిలువుగా ఉంది. డీటీపీ చేసే అబ్బాయి "సార్, కుడి పక్క తీసెయ్యాలా, ఎడమ పక్క తీసెయ్యాలా?" అని అడిగాడు. బాబాసాహెబ్ మధ్యలోకి రావాలి, అంతే చూడు అన్నాం. వచ్చారు. అట్ట బాగుందని నలుగురూ అన్నారు.

విహారంలో సంచికలు పంచుతుంటే ఒక పెద్ద వయసు ఉపాసిక అట్టను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "ఇక్కడ మాయీ సాహెబ్ ఉండాలి గదయ్యా, ఏరి?" అని అడిగింది. ఆమె వేలు పెట్టిన చోట ఒక చీర చెరగు మాత్రం మిగిలింది. మనిషి లేదు.

మాకు వెంటనే జవాబు రాలేదు. స్థలం చాలలేదమ్మా అన్నాం. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. స్థలం చాలనప్పుడు ఎవరిని తీసేస్తాం అన్న ప్రశ్నకు మా చెయ్యి ఆలోచించకుండానే జవాబు చెప్పింది. అలా ఆలోచించకుండా చెప్పిన జవాబుల మీదే మన సంచికలు, క్యాలెండర్లు, ఫ్లెక్సీలు, సెల్‌ఫోన్లలో తిరిగే జయంతి శుభాకాంక్షలు నడుస్తున్నాయి. వాటిని విమర్శించాలంటే ముందు మా అట్టతోనే మొదలుపెట్టాలి.

వందనానికి ఒకటి, సాక్ష్యానికి ఒకటి

ఫోటోను కత్తిరించడమే తప్పని మేము అనడం లేదు. కెమెరా పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడాలో నిర్ణయించుకున్నప్పుడే మొదటి కత్తిరింపు అయిపోతుంది. ఆయన వెనక ఉన్నది ఫోటోలోకి రాదు. పక్కన ఉన్నది సగమే వస్తుంది. ఆ తరువాత ప్రింటు తీసేవాళ్ళు, పత్రికవాళ్ళు, ఫ్రేములు కట్టేవాళ్ళు తలా కొంచెం తీస్తారు. ఇప్పుడు ఫోను ఉన్న ప్రతి ఒక్కరూ రెండు వేళ్ళతో సాగదీసి తమకు కావలసినంత ఉంచుకుంటున్నారు. ఎవరూ కత్తిరించని ఫోటో అంటూ లోకంలో లేదు.

మన ఇళ్ళలో ఉన్న బాబాసాహెబ్ ఫోటోలు ఎక్కువగా ఛాతీ వరకే ఉంటాయి. కోటు, టై, కళ్ళద్దాలు, సూటిగా చూసే చూపు. దానికి కారణం ఉంది. ఒక్క గది ఇంట్లో, బల్బు వెలుగులో, గుమ్మం దగ్గర నుంచి చూసినా ఆ ముఖం తెలియాలి. ఆ ఫోటోను గోడకు తగిలించడమే సాహసం అయిన ఊళ్ళు ఉన్నాయి. ఆ కత్తిరింపులో గౌరవం ఉంది, అవసరం ఉంది. దానితో మాకు పేచీ లేదు.

అయితే వందనానికి పెట్టుకునే ఫోటో వేరు, జరిగినదానికి సాక్ష్యంగా అచ్చువేసే ఫోటో వేరు. మొదటిదానికి ముఖం చాలు. రెండోదానికి చాలదు. కింద తేదీ రాసి, ఊరు రాసి, ఫలానా సందర్భం అని రాశామంటే, ఆ రోజు అక్కడ జరిగింది ఇదీ అని పాఠకుడికి మాట ఇస్తున్నాం. పంచశీలాల్లో నాలుగోది అబద్ధానికి దూరంగా ఉండమంటుంది. నోటితో ఆడని అబద్ధాన్ని కత్తెరతో ఆడవచ్చు. అలా ఆడినప్పుడు మనకు అబద్ధం ఆడినట్టు కూడా అనిపించదు.

అందుకని ఒక గీటురాయి పెట్టుకున్నాం. కత్తెర తీసేసినది అడ్డమా, సంబంధమా? ఫోటో మూలన ఎవరిదో మోచెయ్యి, మైకు తీగ, ఖాళీ కుర్చీ వీపు ఉంటే అవి అడ్డం. తీసేస్తే అసలు విషయం ఇంకా బాగా కనిపిస్తుంది. కానీ అక్కడ ఉన్న మనిషి వల్లే ఆ క్షణానికి ఆ అర్థం వచ్చి ఉంటే అది సంబంధం. దాన్ని తీసేస్తే మిగిలిన మనిషి కూడా మారిపోతాడు. ఏదీ ఒంటరిగా పుట్టదు, కారణాలు కూడితేనే పుడుతుంది అన్న పటిచ్చ సముప్పాదాన్ని మనం ఉపన్యాసాల్లో చెబుతాం. ఫోటో చేతికి వచ్చేసరికి మరిచిపోతాం.

దీక్షా వేదిక

మా అట్టకే ఈ గీటురాయి పెట్టి చూద్దాం. ఆ రోజు నాగపూర్‌లో దీక్ష ఇచ్చినవారు కుశీనగర్ నుంచి వచ్చిన వృద్ధ భిక్ఖువు చంద్రమణి మహాథేర. ఆయన ముందు త్రిశరణాలు, పంచశీలాలు స్వీకరించినవారు ఇద్దరు: బాబాసాహెబ్, ఆయన భార్య డాక్టర్ సవితా అంబేడ్కర్. ఆమెనే మనవాళ్ళు మాయీ సాహెబ్ అంటారు. అంటే ఆమె అక్కడ చూడటానికి వచ్చిన మనిషి కాదు. దీక్ష తీసుకున్న మనిషి. ఆమెను తీసేస్తే తగ్గేది ఒక ముఖం మాత్రమే కాదు, దీక్షలో సగం.

ఇది మా ఒక్కరి పొరపాటు అయితే ఇంత రాయనక్కరలేదు. ఆమె మన ఫోటోల్లో అంచుకు జరగడానికి, అంచు నుంచి బయటికి పోవడానికి వెనక ఒక కథ ఉంది. 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో వాళ్ళ పెళ్ళి జరిగింది. ఆమె వృత్తి వైద్యం, పుట్టింది సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో. చక్కెర వ్యాధితో, కాళ్ళ నొప్పులతో బాధపడుతున్న బాబాసాహెబ్‌ను చివరి ఎనిమిదేళ్ళూ కనిపెట్టుకుని ఉన్నది ఆమె. 1956 డిసెంబరు 6న ఆయన పరినిర్వాణం తరువాత అనుచరుల్లో కొందరు ఆమెను అనుమానించారు. విచారణ జరిగింది, అది సహజ మరణమేనని తేలింది. అయినా అనుమానం చల్లారలేదు. ఆమె చాలా ఏళ్ళు ఉద్యమానికి దూరంగా ఉండిపోయారు. తరువాతి కాలంలో దళిత్ పాంథర్ యువకులు ఆమెను మళ్ళీ ప్రజల్లోకి తీసుకువచ్చారు. ఆమె తన జ్ఞాపకాలను మరాఠీలో పుస్తకంగా రాశారు. 2003లో కన్నుమూశారు.

ఇక్కడ ఫోటోతో పాటు ఒక పుస్తకం సంగతి కూడా చెప్పుకోవాలి. బాబాసాహెబ్ చివరి గ్రంథం 'బుద్ధుడు, ఆయన ధమ్మం'కు ఆయన స్వయంగా రాసుకున్న ముందుమాట ఒకటి ఉంది. తాను ఆ పుస్తకం పూర్తి చేసేదాకా ప్రాణం నిలిపినందుకు భార్యకూ, డాక్టర్ మాల్వంకర్‌కూ ఆయన అందులో కృతజ్ఞత చెప్పుకున్నారు. 1957లో, ఆయన పోయాక గ్రంథం అచ్చయి వచ్చినప్పుడు ఆ ముందుమాట అందులో లేదు. ఏళ్ళ తరువాత గానీ అది పాఠకుల చేతికి రాలేదు. ఫోటోలో అంచు తీసెయ్యడం, పుస్తకంలో ముందుమాట లేకపోవడం రెండు వేరువేరు పనులే కావచ్చు. రెండింటి ఫలితం మాత్రం ఒకటే. ఆయన పేరుపెట్టి కృతజ్ఞత చెప్పిన మనిషి ఆయన పక్కన కనిపించలేదు.

ఒక మాట సూటిగా అడుగుదాం. ఆమె బ్రాహ్మణ ఇంట పుట్టకపోయి ఉంటే మన కత్తెర అటు అంత తేలికగా వెళ్ళేదా? పుట్టుకను బట్టి మనిషిని కొలవకూడదని బుద్ధుడు తన దగ్గరికి వాదానికి వచ్చిన బ్రాహ్మణ యువకులకు పదేపదే చెప్పాడు. ఆ మాటను మనం మన తరఫున వేల సభల్లో చెప్పాం. మన తరఫున నిజమైనది ఆమె తరఫున కూడా నిజం కావాలి. త్రిశరణం తీసుకున్న మనిషికి పాత కులం అంటగట్టి ఫోటోలోంచి బయట పెడితే, ఆ రోజు ఆ వేదిక మీద జరిగిందేమిటో మనకే అర్థం కాలేదన్నమాట.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేసేది కాదు. అట్ట మీద ఆయన ఒక్కరే నిలబడితే మన పిల్లలకు ధైర్యం వస్తుంది, ఇంకొకరు ఉంటే చూపు చెదురుతుంది అని మిత్రులు అన్నారు. శతాబ్దాల పాటు మన మనిషి ముఖం ఎక్కడా పెద్దగా కనిపించని దేశంలో ఆ కోరిక సహజం. అయితే ధైర్యం కోసం ఛాతీ ఫోటో ఉండనే ఉంది. దీక్షా ఫోటో చేసే పని వేరు. ఒక మనిషి తలవంచి మరొకరి దగ్గర శరణం తీసుకున్నాడని, ఆ తలవంచడం ఆయనను చిన్న చెయ్యలేదని అది చెబుతుంది. చంద్రమణి మహాథేరనూ సవితనూ తీసేస్తే ఆయన ఎవరికీ తలవంచనట్టు, ఎవరితోనూ కలిసి నడవనట్టు కనిపిస్తాడు. నాయకుడు మిగులుతాడు, ఉపాసకుడు పోతాడు.

ఆ రోజు తీసిన వాటిలో ఏ ఫోటోను ఎంచుకుంటాం అన్నది కూడా ఒక కత్తిరింపే. వేదిక మీద దీక్ష అయ్యాక బాబాసాహెబ్ మైదానం వైపు తిరిగారు. లక్షల మంది చేత త్రిశరణాలు, పంచశీలాలతో పాటు తాను రూపొందించిన 22 ప్రతిజ్ఞలు చేయించారు. భిక్ఖువు దగ్గర తీసుకున్న దీక్షను ఒక ఉపాసకుడు నిలబడి ప్రజలకు అందించడం ఆనాటి అసలు కొత్తదనం. వేదిక ఫోటో ఒక్కటే వేస్తే ఒక మహనీయుడు మతం మారిన సంగతి తెలుస్తుంది. దాని పక్కన మైదానం ఫోటో వేస్తే ఒక జనసముద్రం దారి మార్చుకున్న సంగతి తెలుస్తుంది. మన సంచికల్లో రెండోది లోపలి పేజీకి, తపాలా బిళ్ళంత సైజుకి పోతుంటుంది.

రాజగృహంలో ఆరో ప్రాణి

1934 ఫిబ్రవరిలో బొంబాయి దాదర్‌లోని రాజగృహంలో తీసిన కుటుంబ ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఎడమ నుంచి కొడుకు యశ్వంత్, బాబాసాహెబ్, రమాబాయి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్. వీళ్ళతో పాటు బాబాసాహెబ్ ముద్దుగా పెంచుకున్న కుక్క, టాబీ.

ఈ ఫోటోలోంచి భార్యాభర్తలను మాత్రం తీసుకుంటే క్యాలెండరుకు చక్కని జంట దొరుకుతుంది. కానీ వదిన, అన్న కొడుకు పోతారు. అంటే బాబాసాహెబ్ భారం మోసిన ఉమ్మడి కుటుంబం పోతుంది. ఆయన విదేశాల్లో చదువుకుంటుంటే, సభలకు తిరుగుతుంటే ఇల్లు ఎలా గడిచిందో చెప్పే మనుషులు పోతారు. రమాబాయి ఈ ఫోటో తీసిన పదిహేను నెలలకు, 1935 మే 27న కన్నుమూశారు. కన్న బిడ్డల్లో ఒక్క యశ్వంత్ మినహా మిగతా వాళ్ళందరినీ ఆమె అప్పటికే పోగొట్టుకుని ఉన్నారు. యశ్వంత్‌ను అంచున తీసేసి ఆమెను దగ్గరగా చూపితే ఆ సంగతి చెప్పే అవకాశం కూడా పోయినట్టే.

టాబీ సంగతి తేలికగా తీసుకునేవాళ్ళు ఉంటారు. గంభీరమైన ఫోటోలో కుక్క ఎందుకని అడుగుతారు. మా మాట: ఉండనివ్వండి. పుస్తకాల కోసం ఇల్లు కట్టుకున్న మనిషి, ఆ ఇంట్లో కుక్కను కూడా పెంచుకున్నాడు. మైత్రి మనుషుల దగ్గర ఆగేది కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

ఇంకో ఫోటో 1942 జులై నాటిది. నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ సభలు జరిగినప్పుడు మహిళా ప్రతినిధులతో కలిసి బాబాసాహెబ్ తీయించుకున్నది. ఆ సందర్భంలో జరిగిన మహిళా సభకు సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షత వహించారు. ఇలాంటి ఫోటోను చేతికి తీసుకోగానే మన కళ్ళు ఆయన్ను వెతుకుతాయి, వేళ్ళు ఆయన చుట్టూ గీత గీస్తాయి. మిగిలినవాళ్ళు 'మహిళా కార్యకర్తలు' అన్న రెండు మాటల్లోకి సర్దుకుంటారు. ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో ఆ సమాజపు స్త్రీలను చూసి కొలుస్తానని చెప్పిన మనిషి ఆయన. ఆ ఫోటోలో ఆయన తన కొలబద్ద మధ్యలో కూర్చున్నాడు. కొలబద్దను తీసేసి మనిషిని ఉంచుకుంటే ఇక ఏం కొలుస్తాం?

అమరావతి శిల్పులు మనకంటే ముందే చేసిన పని

ఫోటో కూర్పు గురించి నేర్చుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. కృష్ణ ఒడ్డున, మన అమరావతిలో రెండు వేల ఏళ్ళ కిందటే దాన్ని రాతిలో చేసి చూపించారు.

తొలినాటి అమరావతి ఫలకాల్లో బుద్ధుడి రూపం ఉండదు. ఖాళీ ఆసనం ఉంటుంది, పాదముద్రలు ఉంటాయి, బోధివృక్షం ఉంటుంది, చక్రం ఉంటుంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టంలో గుర్రం ఉంటుంది, దాని మీద మనిషి ఉండడు. మధ్యలో అంత ఖాళీ ఉన్నా మనకు బుద్ధుడు అక్కడ ఉన్నాడని తెలుస్తుంది. ఎలా తెలుస్తుంది? చుట్టూ ఉన్నవాళ్ళ వల్ల. చేతులు జోడించిన స్త్రీ, మోకరిల్లిన పురుషుడు, వంగిన భుజాలు, పైకెత్తిన ముఖాలు అన్నీ ఆ ఖాళీ వైపే చూస్తుంటాయి. ఫోటో తీసేవాడు చుట్టూ ఉన్నవాళ్ళను వదిలేసి ఆసనం ఒక్కటే దగ్గరగా తీస్తే, అది ఉట్టి ఆసనమే. మధ్యలో ఉన్నదానికి అర్థం ఇచ్చేది అంచున ఉన్నవాళ్ళే అని ఆ శిల్పులకు తెలుసు.

ఇక్కడ కూడా కత్తెర పడింది, మొదట రాళ్ళ మీదే పడింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి. 1858లో లినీయస్ ట్రైప్ అక్కడి మ్యూజియంలో వాటిని ఫోటోలు తీశాడు. వాటిలో చాలా రాళ్ళు తరువాత లండన్‌కు పోయాయి. ఆనాటి ఫోటోలు మనకు విలువైన రికార్డు. కానీ ఆ రాళ్ళు అప్పటికే స్తూపం నుంచి విడిపోయినవి. ప్రదక్షిణ చేసే మనిషికి ఒకదాని తరువాత ఒకటిగా కనిపించాల్సిన ఫలకం, ఫోటోలో ఒంటరి శిల్పంగా మారింది. దానికి ముందు ఏముంది, తరువాత ఏముంది అన్నది పోయింది.

ఇంకో కత్తిరింపు మన చేతుల్లోనే జరుగుతుంది. అమరావతి రాళ్ళ మీద దాతల పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో చెక్కి ఉన్నాయి. గృహస్థులు, వర్తకులు, భిక్ఖువులు, భిక్ఖునులు, ఎందరో స్త్రీలు. ఆ అక్షరాలు చాలావరకు అంచుల్లో, సన్నని పట్టీల్లో ఉంటాయి. శిల్పం అందంగా రావాలని ఫోటోగ్రాఫరు దగ్గరికి వెళ్ళగానే మొదట పోయేది ఆ పట్టీయే.

వాటిలో ఒక శాసనం మన పాఠకులందరికీ కంఠతా రావాలి. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, చర్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేశాడని అది చెబుతుంది. తోలు పని చేసే మనిషి. మహాచైత్యానికి రాయి ఇచ్చాడు. తన వృత్తి పేరు దాచుకోకుండా చెక్కించుకున్నాడు. ఆ రోజుల చర్మకారుడిని నేటి ఏ కులంతోనో ముడిపెట్టేయడం తొందరపాటు. కానీ తరువాతి కాలంలో ఏ వృత్తి పేరు చెప్పి మనిషిని ఊరి బయట పెట్టారో, ఆ వృత్తి పేరు ఒకనాడు స్తూపం మీద గౌరవంగా నిలిచిందన్నది రాతి మీద ఉన్న సాక్ష్యం.

ఇంకొకటి గమనించండి. విధికుడు కూడా తన పేరు ఒక్కటే చెక్కించుకోలేదు. తల్లిని, భార్యను, కూతుళ్ళను కూడా ఆ పట్టీలోకి తెచ్చాడు. రాయి మీద చోటు మన అట్ట మీద చోటు కంటే తక్కువ, అక్షరం అక్షరానికీ ఉలి దెబ్బ కావాలి. అయినా ఆయన ఎవరినీ అంచు బయట పెట్టలేదు.

అమరావతి పూర్ణఘటం 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో, ధమ్మచక్రం మధ్యలో ఉంది. సంతోషం. ముద్రలో పేర్లకు చోటుండదు. కానీ మనం ఆ పూర్ణఘటం బొమ్మను పుస్తకంలో వేసినప్పుడు, బడి గోడ మీద గీసినప్పుడు, కింద ఒక్క వరుస రాయడానికి చోటు ఎప్పుడూ ఉంటుంది.

మేము పెట్టుకున్న కొన్ని నియమాలు

విమర్శ చేసి ఊరుకుంటే పని జరగదు. వచ్చే సంచికకు మేము ఇలా చెయ్యాలనుకున్నాం.

మొదటిది, కత్తిరించే ముందు అసలు ఫోటోను పూర్తిగా స్కాన్ చేసి విడిగా దాచాలి. ఫోనుల్లో చేతులు మారి వచ్చిన ఫోటో అప్పటికే ఎన్నోసార్లు కత్తెర పడినదై ఉంటుంది. దాని మీద మళ్ళీ కత్తెర పెట్టకూడదు. అసలుకు దగ్గరి ప్రతిని వెతకాలి.

రెండోది, ఫోటో అట్టకు సరిపోకపోతే అట్టనే ఫోటోకు సరిపెట్టాలి. అడ్డం ఫోటోను పైభాగాన వేసి కింద ఖాళీ వదలొచ్చు. ముందట్ట నుంచి వెనకట్ట దాకా పరచవచ్చు. ఖాళీ చూసి భయపడనక్కరలేదు. ఆ ఖాళీలో పేర్లు రాయవచ్చు.

మూడోది, ఎవరు ఎటు చూస్తున్నారో ఆ వైపు చోటు ఉంచాలి. వాళ్ళు చూస్తున్నది ఒక మనిషినైతే ఆ మనిషినీ ఉంచాలి. చూపు ఉండి, చూసేది లేకపోతే ఆ ఫోటో సగం వాక్యంలా ఉంటుంది.

నాలుగోది, కత్తిరించక తప్పకపోతే ఆ మాట ఫోటో కింద చెప్పాలి. 'ఫోటోలో కొంత భాగం' అన్న మూడు మాటలు చాలు. తెలిసినంత వరకు అందరి పేర్లూ ఎడమ నుంచి కుడికి రాయాలి, బయట ఉండిపోయినవాళ్ళ పేర్లతో సహా.

అయిదోది చిన్నదే గానీ కష్టమైనది. జయంతి ఫ్లెక్సీల్లో మన ఫోటోలు ఎంత సైజు ఉండాలి? చందా ఇచ్చినవాళ్ళు, సంఘం కార్యదర్శులు, స్థానిక నాయకులు ఇరవై ముఖాలు చుట్టూ వరుస కడితే మధ్యలో బుద్ధుడు, బాబాసాహెబ్ గుండ్రని చిన్న కిటికీల్లో ఇరుక్కుంటున్నారు. దీక్షా ఫోటోలో మాయీ సాహెబ్‌కు చోటు లేదన్న మనమే, మన మెడలో కండువాకు చోటు దొరికించుకుంటున్నాం. విధికుడు పేరు చెక్కించుకున్నాడు గదా అని ఎవరైనా అడగవచ్చు. చెక్కించుకున్నాడు, అంచున. మధ్యలో పూర్ణఘటం ఉంది.

దేశ చరిత్ర అనే పెద్ద ఫోటోలో మనం చాలాకాలం అంచు బయట ఉన్నాం. మనల్ని తీసేసినవాళ్ళు కూడా కోపంతో తీసెయ్యలేదేమో, స్థలం చాలలేదనే అనుకుని ఉంటారు. ఆ మాట మా నోటి నుంచి వచ్చినప్పుడు మాకు అందుకే సిగ్గేసింది.

ఈ ఏడు సంచికకు అదే ఫోటో మళ్ళీ వేస్తున్నాం, మొత్తంగా, అడ్డంగా. నిలువు అట్ట మీద పక్కకు తిప్పి పెట్టాం. చూడాలంటే పుస్తకాన్ని చేతిలో తిప్పాలి. మొదటి ప్రతి ఆ ఉపాసిక చేతిలో పెడతాం. ఆమె తిప్పి చూసి ఇంకెవరు లేరని అడుగుతుందో విని, వచ్చే ఏడు అదీ సరిచేసుకుంటాం.